ఇల్లే బడి, అమ్మే గురువు





సంతాన శిక్షణను గురించి ఈ శీర్షికలో తరచుగా ముచ్చటించుకుంటూనే ఉన్నాం. ఈ మాసం మన ఇళ్ళను కాస్త పక్కనబెట్టి, మరో మతానికి చెందిన తల్లుల ఇళ్ళను పరిశీలిద్దాం. వారు క్రైస్తవ స్త్రీలు. అమెరికాలో లక్షలాది మంది పిల్లలు బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుకుంటున్నారు. దైవవిశ్వాసమే పునాదిగా ఆ బాధ్యతను తలకెత్తుకున్న క్రైస్తవ తల్లులు వారి వెనుక పెద్ద సంఖ్యలో ఉన్నారు.

విశ్వాస విషయాలలో వారికీ మనకూ మధ్యనున్న భేదం మీకు తెలియనిది కాదు. దాన్ని చెరిపివేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని బిడ్డను దేవుడు తనకు అప్పగించిన అమానతుగా తలచి, దానికి రేపు జవాబు చెప్పుకోవాలన్న భీతితో తెల్లవారుజామునే లేచే తల్లి ఏ ఇంట ఉన్నా ఆమె శ్రమ గౌరవించదగినదే. దివ్యఖుర్ఆన్ గ్రంథవహులందరినీ ఒకే గాటన కట్టలేదు. వారిలోని సజ్జనులను సజ్జనులుగానే పేర్కొంది. మంచి ఎక్కడ కనిపించినా గ్రహించడం మన పెద్దల సంప్రదాయం.

మన ముందున్న ప్రశ్న ఒక్కటే. ఇంటిపనీ, వంటపనీ, చంటిబిడ్డల ఆలనా పాలనా చూసుకుంటూనే బిడ్డలకు చదువు చెప్పే తల్లి ఏదో ఒకనాడు అలసిపోతుంది. ఆనాడు ఆమెను నిలబెట్టేది ఏమిటి?

ఆ తల్లులు ఎవరు?

అమెరికాలో ఇంటి చదువుకు ఈనాడున్న ఆదరణ ఒక్కరోజులో వచ్చింది కాదు. 1975లో రేమండ్ మూర్, డొరొతీ మూర్ అనే క్రైస్తవ దంపతులు, పసిపిల్లలను తొందరపెట్టి బడిలో కూర్చోబెట్టవద్దని వాదిస్తూ ఒక పుస్తకం ప్రచురించారు. అది చాలామంది తల్లిదండ్రులను ఆలోచింపజేసింది. అయితే ఆ రోజుల్లో పలు రాష్ట్రాల నిర్బంధ హాజరు చట్టాలు ఇంటి చదువును అంగీకరించేవి కావు. పిల్లలను ఇంట ఉంచుకున్నందుకు కోర్టుల చుట్టూ తిరిగినవారున్నారు, జైలుకు వెళ్ళినవారూ ఉన్నారు. 1983లో ఇలాంటి కుటుంబాల తరఫున వాదించడానికి హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ అనే సంస్థ ఏర్పడింది. 1993 నాటికి మొత్తం 50 రాష్ట్రాలలోనూ ఇంటి చదువు చట్టసమ్మతమైంది. ప్రభుత్వ అంచనాల ప్రకారం 1999లో సుమారు 8 లక్షల 50 వేల మంది పిల్లలు ఇలా చదువుకుంటుండగా, 2012 నాటికి ఆ సంఖ్య 17 లక్షలు దాటింది. వారంతా క్రైస్తవులు కారు. యూదులు, మన ముస్లిం సోదరులు, ఏ మతాన్నీ పాటించనివారు కూడా వారిలో ఉన్నారు.

చట్టం సమ్మతించినంత మాత్రాన తల్లి పని తేలిక కాలేదు. ఒక ఇంటిని ఊహించుకోండి. పదేళ్ళ బిడ్డకు భిన్నాలు అర్థం కావడం లేదు. ఏడేళ్ళవాడు చదివిన పంక్తినే మళ్ళీ తప్పు చదువుతున్నాడు. నాలుగేళ్ళ పాప రంగుల గిన్నె ఒలకబోసింది. ఒడిలో పసికందు ఏడుస్తోంది. పొయ్యిమీద వంట అడుగంటుతోంది. ఆమె పనిని మెచ్చుకునే ప్రధానోపాధ్యాయుడు లేడు, నెల తిరిగేసరికి అందే జీతమూ లేదు. పైగా అత్తవారి వైపు, పుట్టింటి వైపు బంధువులు, “పిల్లవాడు ఇంకా గుణకారం నేర్చుకోలేదా?” అని ఆరా తీస్తారు. పక్కింటి పిల్ల బడిలో బహుమతి తెచ్చుకున్న వార్త చెవిన పడుతుంది. ఆ తల్లి మనసులో ఒకే మాట మెదులుతుంది: “ఈ పనికి నేను చాలనేమో!”

అక్కడి తల్లులు తమలో తాము చెప్పుకునే మాట ఒకటుంది. ఫిబ్రవరి మాసం అన్నిటికంటే కష్టమైనదట. పండుగల సందడి ముగిసి, మంచు కరగక, ఎండ కనబడక, పిల్లలు నాలుగు గోడల మధ్య విసిగిపోయిన ఆ రోజుల్లో, రేపే వీళ్ళను బడిలో చేర్పించేద్దామని అనుకోని తల్లి అరుదట. మన ఇళ్ళలో పరీక్షల ముందు రోజులనో, రమజాన్ చివరి పది రోజులనో గుర్తుచేసుకుంటే ఆ అలసట ఎలాంటిదో మీకే బోధపడుతుంది.

ఎప్వర్త్ గ్రామపు తల్లి

ఇలాంటి వేళల్లో ఆ తల్లులు తరచుగా తలచుకునే స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు సుసన్నా వెస్లీ. 1669లో లండను నగరంలో ఒక మతబోధకుని ఇంట జన్మించింది. భర్త శామ్యూల్ వెస్లీ ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఎప్వర్త్ అనే గ్రామానికి మతాధికారి. ఆమె 19 మంది బిడ్డలను కన్నది. వారిలో తొమ్మిదిమంది పసితనంలోనే చనిపోయారు. మిగిలిన పదిమందిలో ఏడుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. ఆ మగపిల్లల్లో జాన్, చార్లెస్ అనే ఇద్దరు పెరిగి పెద్దవారై మెథడిస్టు ఉద్యమానికి ఆద్యులయ్యారు. ఆ ఉద్యమానికి చెందిన ప్రచారకులే మన తెలంగాణకు వచ్చారు. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి వారు కట్టించినదే. మనం దూరం నుంచి చూసే ఆ ఎత్తైన గోపురం వెనుక ఎక్కడో ఒక తల్లి వంటింటి బడి ఉంది.

ఆమెకు సౌకర్యాలుండేవని అనుకోకండి. భర్త అప్పులపాలై 1705లో లింకన్ కోటలోని జైలులో ఉన్నాడు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు అగ్నికి ఆహుతైంది. ఐదేళ్ళ జాన్‌ను మేడ కిటికీ నుంచి ఇరుగుపొరుగువారు చివరి క్షణంలో దించారు. ఆనాటికి ఆమె నిండు గర్భిణి. ఇల్లు తిరిగి కట్టేవరకు పిల్లలు తలా ఒకరింట తలదాచుకోవలసి వచ్చింది. తిరిగి ఒకచోట చేరేసరికి వారి మాటతీరు మొరటుబారింది, నేర్చిన క్రమశిక్షణ చెదిరిపోయింది. సంవత్సరాల శ్రమ ఒక్క రాత్రిలో బూడిదైనట్టే. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. సాయంత్రం ఐదు గంటలకు పెద్దపిల్ల మాటలు వచ్చిన అందరికంటే చిన్నవారిని, రెండవవారు ఆ పైవారిని పక్కన కూర్చోబెట్టుకుని గ్రంథపఠనం చేసే ఏర్పాటు ఆ సందర్భంలో పుట్టిందే.

బిడ్డకు ఐదేళ్ళు నిండిన మరునాడే ఆమె అక్షరాభ్యాసం చేయించేది. ఆ ఒక్కరోజు ఇంటిపనులన్నీ ఇతరులకు అప్పగించి, మరెవరినీ గదిలోకి రానిచ్చేది కాదు. పాఠాల వేళ ఉదయం 9 నుంచి 12 వరకు, తిరిగి 2 నుంచి 5 వరకు. పిల్లలందరూ దాదాపు ఒక్కరోజులోనే అక్షరాలు నేర్చుకోగా, ఇద్దరు కూతుళ్ళకు మాత్రం ఒకటిన్నర రోజు పట్టిందట. పెద్దకుమారుడు ఐదేళ్ళు దగ్గరపడేవరకు సరిగా మాటలే పలకలేదు. కాని మొదలుపెట్టాక కొద్ది గంటల్లో అక్షరమాల అందుకున్నాడు. ఆలస్యంగా మాటలు వచ్చే బిడ్డను చూసి బెంగపడే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆమె ఓపికను గురించి కుమారుడు జాన్ చెప్పిన సంఘటన ఒకటుంది. ఒక బిడ్డకు ఒకే విషయాన్ని ఇరవైసార్లు చెప్పడం చూసి భర్త ఆశ్చర్యపోయాడట. పందొమ్మిదిసార్లతో ఆపివేసి ఉంటే ఆ పందొమ్మిదిసార్ల శ్రమా వృథా అయ్యేది కదా అన్నది ఆమె సమాధానం. ఖాయిదా చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి తల్లీ గోడమీద రాసిపెట్టుకోదగిన విషయమిది. ఐన్, ఘైన్ పలికించడానికి నెలరోజులు పట్టిన పిల్లలు తరువాత హాఫిజులైన సందర్భాలు మా మద్రసాలో ఎన్నో చూశాను.

ఆమె పాటించిన నియమాలు

1732లో జాన్ కోరగా తన శిక్షణా పద్ధతిని ఆమె ఒక ఉత్తరంలో వివరించింది. అందులోని కొన్ని నియమాలు నేటికీ ఏ ఇంటికైనా పనికివస్తాయి.

చేసిన తప్పును బిడ్డ నిజాయితీగా ఒప్పుకుంటే దెబ్బ ఉండదు. ఈ నియమం లేనిచోట భయం బిడ్డకు అబద్ధం నేర్పుతుందని ఆమె గ్రహించింది.

ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష లేదు. బిడ్డ దిద్దుకున్న తరువాత పాత సంగతి తవ్వి దెప్పడం అసలే లేదు. మన ఇళ్ళలో నిరుటి తప్పును ఇవాళ్టి కోపంలో కలపడం ఎంత మామూలో మీకు తెలుసు.

తల్లిని సంతోషపెట్టాలన్న ఉద్దేశంతో బిడ్డ చేసిన పని సరిగా కుదరకపోయినా దాన్ని ప్రేమతో స్వీకరించాలి, మరింత బాగా చేసే దారి తీయగా చెప్పాలి. ఆరేళ్ళ పాప కడిగిన గిన్నెలో సబ్బు మిగిలి ఉండవచ్చు. ముందు ఆ చిన్న చేతులను మెచ్చుకోవాలి, సబ్బు సంగతి ఆ తరువాత.

ఇచ్చిన మాట తప్పకూడదు. ఒకరి వస్తువు, అది గుండుసూదే అయినా, మరొకరు తీసుకోకూడదు.

చివరి నియమం నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. ఆడపిల్ల బాగా చదవడం నేర్చుకునేవరకు ఆమెకు కుట్టుపని నేర్పకూడదు. మూడు వందల ఏళ్ళ క్రితం, ఆడపిల్ల చేతిలో సూదీదారం చాలుననుకునే సమాజంలో ఒక పల్లెటూరి తల్లి ఈ నియమం పెట్టింది. చదువు నేర్వడం స్త్రీపురుషులిద్దరి విధి అని తరచూ వల్లించే మనం, ఇంటిపని కోసం కూతురి చదువును మధ్యలో ఆపే ముందు ఒక్కక్షణం ఆలోచించాలి.

తరంగంబాడి నుంచి వెళ్ళిన వెలుగు

సుసన్నా జీవితంలోని ఒక మలుపునకు మన దక్షిణ భారతంతో సంబంధముంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడికి 1706లో డెన్మార్కు రాజు పంపగా ఇద్దరు క్రైస్తవ ప్రచారకులు వచ్చారు. వారి అనుభవాల వృత్తాంతం ఇంగ్లీషులో అచ్చయి, ఎప్వర్త్ ఇంటికి చేరింది. దాన్ని చదివి ఆమె కదిలిపోయింది. ఎక్కడో పరాయి దేశంలో పరాయివారి కోసం వీరు అంత శ్రమిస్తుంటే, దేవుడు నాకు అప్పగించిన ఈ బిడ్డల ఆత్మల కోసం నేను ఇంకేమి చేయగలను అని తనను తాను ప్రశ్నించుకుంది.

ఆ ప్రశ్నకు ఆమె కనుగొన్న జవాబు చాలా చిన్నది. వారంలో ప్రతి సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో ఏకాంతంగా కూర్చుని మాట్లాడేది. సోమవారం ఒకరితో, మంగళవారం ఒకరితో, గురువారం జాన్‌తో, శనివారం చార్లెస్‌తో, ఆదివారం ఇద్దరు పెద్ద కూతుళ్ళతో. అది పాఠాలు ఒప్పజెప్పించుకునే సమయం కాదు. బిడ్డ మనసులోని భయాలు, సందేహాలు, దైవంతో బిడ్డకున్న సంబంధం గురించిన సంభాషణ. ఎన్నో ఏళ్ళ తరువాత, చదువులు ముగించి పెద్దవాడైన జాన్ ఆ గురువారపు సాయంత్రాల కోసం తల్లిని తిరిగి అర్థించాడు.

అమ్మలారా! మీకు ఎనిమిదిమంది లేకపోవచ్చు, ఇద్దరో ముగ్గురో ఉంటారు. చేతిలో ఫోను లేకుండా, పక్కన మరో బిడ్డ లేకుండా, వారానికి ఒక్కసారి పావుగంట ఒక్కొక్క బిడ్డకు కేటాయించగలరా? బిడ్డ తప్పుదారిలో అడుగుపెట్టినప్పుడు ముందుగా మీ వద్దకే రావాలంటే, వచ్చే దారి ఇలాంటి పావుగంటల్లోనే ఏర్పడుతుంది.

శ్రమ మనది, ఫలితం ఆయనది

ఇంతవరకు చెప్పినది వింటే సుసన్నా ఇల్లు స్వర్గతుల్యమని తోస్తుంది. కాని నిజం దాచడం శిక్షణ కాదు. ఆమె పద్ధతిలో కాఠిన్యం ఉండేది. ఏడాది నిండేసరికే బిడ్డకు బెత్తం భయం తెలిసేది, ఏడిస్తే మెల్లగా ఏడవాలన్నది నియమం. బిడ్డ పట్టుదలను ముందుగా లొంగదీయాలన్నది ఆ కాలపు నమ్మకం. దీన్ని మనం అనుసరించనక్కరలేదు. పదేళ్ళు తన సేవలో ఉన్న బాలుడు హజ్రత్ అనస్ (రజి)ను మహాప్రవక్త (స) ఒక్కసారైనా విసుక్కోలేదన్న సంగతి మనకు దారి చూపుతుంది. నేటి క్రైస్తవ తల్లులలోనూ చాలామంది ఆమె ఓపికను స్వీకరించి, ఆ బెత్తాన్ని పక్కన పెట్టారు.

మరొక సంగతి మనసును కలచివేస్తుంది. ఆ పిల్లల్లో మెహెటబెల్ అనే కూతురు, ఇంట్లో హెట్టీ అని పిలిచేవారు, అందరికంటే తెలివైనదని పేరు. ఎనిమిదేళ్ళకే గ్రీకు భాషలో గ్రంథం చదివేదట. ఆ పిల్ల యౌవనంలో ఒక వ్యక్తిని నమ్మి ఇల్లు విడిచి వెళ్ళి మోసపోయింది. తండ్రి ఆమెను క్షమించలేదు. 1725లో ఏ విధంగానూ తనకు సరిజోడు కాని ఒక మనిషితో ఆమె వివాహం జరిగింది. ఆ సంసారంలో సుఖం దక్కలేదు, పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఒకే తల్లి, ఒకే బల్ల, అవే పాఠాలు, అవే ప్రార్థనలు. ఆ ఇంటి నుంచే జాన్ వచ్చాడు, ఆ ఇంటి నుంచే హెట్టీ వెళ్ళింది.

దీని నుంచి రెండు పాఠాలు నేర్వాలి. ఇంటి చదువు గాని, మద్రసా చదువు గాని, ఖరీదైన బడి గాని బిడ్డ భవిష్యత్తుకు హామీపత్రం కాదు. హజ్రత్ నూహ్ (అ) వంటి ప్రవక్త కుమారుడే ఓడ ఎక్కడానికి నిరాకరించాడు. విత్తడం, నీరు పోయడం మన విధి. మొలకెత్తించేవాడు అల్లాహ్. ఈ సత్యం తెలిసిన తల్లి బిడ్డ గెలుపులో గర్వించదు, బిడ్డ తడబాటులో తనను తాను శిక్షించుకోదు. ఇక రెండవ పాఠం తండ్రులకు. పడిపోయిన బిడ్డ తిరిగి వచ్చినప్పుడు తలుపు మూసుకుంటే, అంతకుముందు నేర్పిన వెయ్యి పాఠాలూ ఆ తలుపు బయటే ఉండిపోతాయి.

చిన్న పాఠం, పెద్ద ఫలం

ఈ తల్లులకు పద్ధతి నేర్పిన మరొక స్త్రీ షార్లెట్ మేసన్. 1842లో వేల్సులో పుట్టి, చిన్నవయసులోనే తల్లిదండ్రులను కోల్పోయి, అవివాహితగా ఉండి, జీవితమంతా ఇతరుల బిడ్డల కోసం వెచ్చించింది. 1886లో ఆమె రాసిన ‘హోమ్ ఎడ్యుకేషన్’ అనే గ్రంథం తల్లుల కోసం ఉద్దేశించినది. 1923లో ఆమె మరణించాక మెల్లగా మరుగునపడిన ఆ పద్ధతిని 1984లో సూసన్ షాఫర్ మెకాలే అనే క్రైస్తవ రచయిత్రి తన పుస్తకం ద్వారా అమెరికా తల్లులకు తిరిగి పరిచయం చేసింది.

షార్లెట్ మేసన్ బోధించిన వాటిలో మూడింటిని మాత్రం చెబుతాను. ఆరేళ్ళు నిండేవరకు బిడ్డను పుస్తకాల ముందు కూలబెట్టవద్దు, చెట్టూ పిట్టా ఆకాశమూ చూడనివ్వండి. ఎనిమిదేళ్ళలోపు బిడ్డకు ఏ పాఠమూ ఇరవై నిమిషాలు మించవద్దు. లెక్క తరువాత మరో లెక్క కాక, బొమ్మో పాటో వంటి భిన్నమైన పని పెట్టండి. తక్కువ సమయమైనా పూర్తి ఏకాగ్రతతో చేయడం అలవాటైతే ఆ అలవాటే జీవితాంతం ఆస్తి. మూడవది, పాఠాన్ని ఒక్కసారే చదివి వినిపించి, పుస్తకం మూసి, విన్నదాన్ని బిడ్డ చేత తన మాటల్లో చెప్పించండి.

ఈ మూడవది చదివినప్పుడు నాకు మా మద్రసాలోని ‘తక్రార్’ గుర్తొచ్చింది. ఉస్తాద్ పాఠం ముగించాక విద్యార్థులు గుంపుగా కూర్చుంటారు. వారిలో ఒకరు ఆ పాఠాన్ని మొదటి నుంచి చివరి వరకు తిరిగి చెబుతారు, మిగతావారు వింటారు, పొరపాటు దిద్దుతారు. తరతరాలుగా మన ఉలమా ఇలాగే తయారయ్యారు. మద్రసా గోడల మధ్య, ఇంగ్లండు కొండల మధ్య ఒకరికొకరు తెలియని గురువులు ఒకే సత్యాన్ని కనుగొన్నారు: చెప్పగలిగినప్పుడే నేర్చినట్టు. దీనికి ఖర్చు లేదు. ట్యూషను అక్కరలేదు. రొట్టెలు ఒత్తుతూనే తల్లి, “ఇవాళ ఏం విన్నావు నాన్నా, చెప్పు” అనవచ్చు. అక్షరజ్ఞానం అంతంతమాత్రంగా ఉన్న తల్లి కూడా చేయగలిగిన బోధన ఇది.

అలసటకు మందు

ఇక అమెరికాలోని నేటి తల్లులు అనుభవంతో నేర్చుకున్న కొన్ని ఏర్పాట్లు చూద్దాం.

మొదటిది, ఉదయపు సమావేశం. వయసుతో నిమిత్తం లేకుండా పిల్లలందరూ ఒకచోట కూర్చుంటారు. ప్రార్థన, గ్రంథపఠనం, కంఠస్థం, ఒక కథ. వేర్వేరు పాఠాలు ఆ తరువాతే. మిగిలిన రోజంతా గందరగోళమైనా ముఖ్యమైనది ముందే జరిగిపోయిందన్న తృప్తి ఆ తల్లికి మిగులుతుంది. మన ఇళ్ళలో ఫజ్ర్ తరువాతి అరగంట ఇందుకోసమే ఉన్నట్టుంది.

రెండవది, మధ్యాహ్నపు మౌనఘడియ. భోజనం ముగిశాక ఒక గంటసేపు ఎవరి చోట వారు ఉండాలి. చిన్నవారు నిద్రపోతారు, పెద్దవారు నచ్చిన పుస్తకం చదువుకుంటారు. తల్లి కూడా ఆ గంటలో గిన్నెలు తోమదు. తన గ్రంథం తెరుస్తుంది, లేదా కళ్ళు మూసుకుంటుంది. యౌవనంలోనే సుసన్నా తనకొక నియమం పెట్టుకుంది: ఒకరోజులో వినోదానికి వెచ్చించే సమయం ఏకాంత ప్రార్థనకు వెచ్చించే సమయాన్ని మించకూడదు. ఖాళీ కడవ నుంచి నీరు వంచలేం. తల్లి విశ్రాంతి సోమరితనం కాదు. ఖైలూలా మన సున్నతే కదా.

మూడవది, పరస్పర సహకారం. ఒక ప్రాంతంలోని కొన్ని కుటుంబాలు వారానికొకసారి చర్చి హాలులోనో ఎవరి ఇంటిలోనో కలుస్తాయి. ఒక తల్లి విజ్ఞానశాస్త్రం చెబుతుంది, ఒకరు చిత్రలేఖనం, ఇంకొకరు పసివారిని ఆడిస్తారు. తనకు రానిదాన్ని తోటి తల్లి భర్తీ చేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, తనలాగే అలసిన మరో ముఖాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. మన బస్తీలలో, పల్లెలలో నలుగురు తల్లులు ఈ పని చేయడానికి అడ్డేమిటి?

నాలుగవది, వదిలిపెట్టడం. భారం పెరిగినప్పుడు వారు కొన్ని పాఠాలను నిస్సంకోచంగా ఆపేస్తారు. కాన్పు వచ్చిన నెలలో, ఇంట్లో జబ్బు చేసినప్పుడు ప్రార్థన, పఠనం, కాస్త లెక్క ఉంటే చాలునంటారు. సంవత్సరానికి సంవత్సరం, బిడ్డకు బిడ్డ నిర్ణయం మార్చుకుంటారు. అవసరమైతే ఒక బిడ్డను బడిలో చేర్పిస్తారు. అది ఓటమి కాదని ఆ తల్లుల్లో పెద్దవారు చిన్నవారికి చెబుతారు. ఎవరి సహాయమూ అందక, నిద్ర కరువై, బిడ్డలమీద చేయి చేసుకునే స్థితి వస్తే, ముందు ఆగవలసింది పాఠం. బిడ్డ ఈ ఏడాది నేర్వని లెక్క వచ్చే ఏడాది నేర్చుకుంటాడు. తల్లి కోపంలో అన్న మాట మాత్రం అంత త్వరగా చెరిగిపోదు.

సోదరులారా! మీతో ఒక మాట. శామ్యూల్ వెస్లీ చర్చి సమావేశాల కోసం నెలల తరబడి లండనులో ఉండేవాడు, ఇంటిభారమంతా ఆమె ఒక్కతే మోసింది. మనం దాన్ని ఆదర్శంగా తీసుకోనవసరం లేదు. మగ్రిబ్ తరువాత ఒక్క అరగంట బిడ్డల పాఠం మీరు చూడండి. దివ్యఖుర్ఆన్‌లో కుమారునికి ఉపదేశించిన లుఖ్మాన్ ఒక తండ్రి అన్న సంగతి మరువకండి.

మన ఇళ్ళ సంగతి

ఈ వ్యాసం చదివి పిల్లలను బడి మాన్పించమని నేను చెప్పడం లేదు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను నిర్దేశించింది. ఇంటి చదువుకు అమెరికాలో ఉన్నంత స్పష్టమైన చట్టరూపం ఇక్కడ లేదు. ఏ కారణం చేతనో చదువు మధ్యలో ఆగిన బిడ్డలుంటే, మన రెండు రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాల ద్వారా, 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి, ఇంటర్ పరీక్షలు రాయవచ్చు. పెళ్ళయి చదువు ఆగిపోయిన సోదరీమణులకూ ఆ ద్వారం తెరిచే ఉంది.

అయినా ప్రతి ముస్లిం ఇల్లూ ఏదో ఒక మేరకు బడే. బిడ్డకు కలిమా, దుఆలు, ఖాయిదా, సత్యం, శుచి, పెద్దల మర్యాద నేర్పేది తల్లే. తక్కువైనా నిరంతరం చేసే సత్కార్యమే అల్లాహ్‌కు ప్రీతికరమని మనకు బోధించబడింది. ఇంటి చదువు సారమంతా అదే. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఒక ఏకాంత సంభాషణ, నెలకొకసారి తోటి తల్లులతో కలయిక. ఇంతకంటే ఎక్కువ చేయగలిగితే శుభం. చేయలేకపోతే ఇదే చాలు.

చివరిగా, ఒక తల్లిని తలచుకుందాం. హజ్రత్ మర్యమ్ (అ) తల్లి, ఇమ్రాన్ భార్య. కడుపులోని బిడ్డను దైవసేవకు అంకితం చేస్తానని మొక్కుకుంది. కొడుకు పుడతాడని ఆశించింది, ఆడపిల్ల పుట్టింది. తాను అనుకున్నది ఒకటి, ఒడిలోకి వచ్చింది మరొకటి. అయినా ఆమె మొక్కును వెనక్కు తీసుకోలేదు. బిడ్డకు పేరుపెట్టి, ఆ బిడ్డనూ ఆ బిడ్డ సంతతినీ అల్లాహ్ రక్షణలో ఉంచింది. ఆయన ఆ కానుకను చక్కగా స్వీకరించాడు, బిడ్డను చక్కగా పెంచాడు. సంరక్షకునిగా హజ్రత్ జకరియ్యా (అ)ను ఏర్పరిచాడు.

మనం కలగన్న బిడ్డ వేరు కావచ్చు, మన ఒడిలో ఉన్న బిడ్డ వేరు కావచ్చు. లెక్కలు రానివాడు, మాట ఆలస్యమైనది, మొండివాడు, నెమ్మదివాడు, ఎవరైనా సరే, అల్లాహ్ మనకు ఇచ్చినది ఆ బిడ్డనే. ఆయన అడగబోయేదీ ఆ బిడ్డను గురించే. కాబట్టి రేపు ఉదయం ఆ బిడ్డతోనే, ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. ఇరవయ్యోసారి చెప్పవలసి వస్తే ఇరవయ్యోసారీ చెప్పండి.

మన బిడ్డలను మన కళ్ళకు చలువగా చేయమని, అలసిన తల్లులందరికీ ఓర్పును, వారి శ్రమకు స్వీకృతిని ప్రసాదించమని ఆ కరుణామయుణ్ణి వేడుకుందాం. ఆమీన్.